స్కోరు 90, ఆట తుస్సు: కొత్త గేమ్ రివ్యూలను ఎలా చదవాలి

2020 డిసెంబర్ 7న సైబర్‌పంక్ 2077 రివ్యూలు బయటికొచ్చాయి. రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు వేసే మెటాక్రిటిక్ సైట్‌లో సగటు నూటికి 90 చుట్టుపక్కల తేలింది. మూడు రోజుల తర్వాత గేమ్ విడుదలైంది. ఇంకో వారం తిరిగేసరికి సోనీ దాన్ని ప్లేస్టేషన్ స్టోర్ నుంచే ఎత్తేసి, అడిగినవాళ్లకు డబ్బు వెనక్కిస్తామంది. అంత స్కోరొచ్చిన గేమ్‌కు ఇంత త్వరగా ఈ గతి పట్టిందంటే రివ్యూయర్లు అమ్ముడుపోయారనే ఎవరికైనా అనిపిస్తుంది. అప్పట్లో చాలామంది తిట్టింది కూడా అలాగే.

కానీ జరిగింది వేరు. రివ్యూయర్ల చేతికి ముందుగా వచ్చినవి పీసీ కాపీలు మాత్రమే. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ లాంటి కన్సోళ్ల (టీవీకి తగిలించుకుని ఆడే మెషీన్ల) మీద గేమ్ ఎలా నడుస్తుందో చూసే అవకాశమే ఇవ్వలేదు. పైగా విడుదల దాకా సొంతంగా రికార్డు చేసిన వీడియో వాడకూడదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలని షరతు. తర్వాత విడిగా లెక్క తేలిన ప్లేస్టేషన్ 4 సగటు 60 కూడా అందుకోలేదు. పీసీ రివ్యూలు అబద్ధం కావు, కన్సోల్ ఆటగాడి కోపమూ అబద్ధం కాదు. ఇద్దరూ మాట్లాడింది వేర్వేరు గేమ్‌ల గురించి, అంతే.

అందుకే స్కోరు ఎంత అన్నదానికంటే ముందు, ఆ స్కోరు ఏ పరిస్థితుల్లో ఇచ్చారో చూడాలి.

రివ్యూ తెరవగానే మార్కుల దగ్గరికి దూకకండి. పైనో కిందనో చిన్న అక్షరాల్లో ఒక పేరా ఉంటుంది. ఏ మెషీన్ మీద ఆడారు, కాపీ ఎవరిచ్చారు, ఎన్ని గంటలు ఆడారు, కథ ముగించారా లేదా అన్నవి మంచి సైట్లు అక్కడ రాస్తాయి. మీ దగ్గరున్నది కన్సోలై, చదివిన నాలుగు రివ్యూలూ పీసీవైతే, మీకు పనికొచ్చే రివ్యూ ఇంకా రానట్టే లెక్క. పీసీలోనూ ఇదే తిరకాసు. రివ్యూయర్ గ్రాఫిక్స్ కార్డు మీదానికంటే రెండు తరాలు కొత్తదైతే "నాకు ఏ ఇబ్బందీ రాలేదు" అన్న వాక్యం మీకెందుకూ కొరగాదు. మీ కార్డుకు దగ్గరగా ఉన్నదాంతో, 1080పీలో, మీడియం సెట్టింగుల్లో పరీక్షించిన వీడియో దొరికేదాకా ఆగండి.

తర్వాత చూడాల్సింది ఎంబార్గో, అంటే రివ్యూ ఫలానా సమయానికి ముందు ప్రచురించకూడదన్న ఒప్పందం. విడుదలకు వారం ముందే ఎత్తేశారంటే కంపెనీకి తన గేమ్ మీద నమ్మకం ఉన్నట్టు. దీనికి తిరగేసిన ఉదాహరణ, 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అమెరికాలో నవంబర్ 11 అర్ధరాత్రే అమ్మకానికొచ్చింది. రివ్యూలకు గేట్లు తెరిచింది మాత్రం ఆ రోజు మధ్యాహ్నం. ఆ పన్నెండు గంటల్లో కొన్నవాళ్లకు ముఖాలు మాయమై కళ్లూ పళ్లూ మాత్రమే మిగిలిన పాత్రలు, నత్తనడక ఫ్రేమ్ రేటు దక్కాయి. చివరికి కంపెనీ క్షమాపణ చెప్పి తొలి అదనపు భాగాన్ని ఉచితంగా ఇచ్చింది. అలాగని ఆలస్యం చేసిన ప్రతిదీ చెత్త అనుకోవద్దు. 2016 డూమ్‌కు కూడా రివ్యూ కాపీలు ముందుగా వెళ్లలేదు. ఆ గేమ్ అదిరిపోయింది. ఆలస్యపు ఎంబార్గో చూసి గేమ్‌ను కొట్టిపారేయనక్కర్లేదు, పర్సు మాత్రం జేబులోనే ఉంచుకుంటే చాలు.

ఆన్‌లైన్ గేమ్‌ల విషయంలో విడుదలకు ముందు వచ్చిన స్కోరును నేనైతే అసలు లెక్కలోకే తీసుకోను. 2013 సిమ్‌సిటీకి పాలిగాన్ అనే గేమ్‌ల సైట్ మొదట పదికి 9.5 ఇచ్చింది. జనం ఎగబడి సర్వర్లు చేతులెత్తేశాక 8కి, ఆ తర్వాత 4కి తగ్గించింది, సర్వర్లు కుదుటపడ్డాక 6.5కి పెంచింది. గేమ్ ఒకటే, స్కోర్లు నాలుగు. ఖాళీ సర్వర్ మీద కొద్దిమంది రివ్యూయర్లు ఆడినప్పుడు ఏ గేమైనా హాయిగానే నడుస్తుంది.

గేమ్ లోపల పెట్టే అమ్మకాలదీ ఇదే వరస. 2024 మార్చిలో డ్రాగన్స్ డాగ్మా 2 రివ్యూలు బ్రహ్మాండంగా వచ్చాయి. విడుదల రోజున స్టోర్ పేజీ తెరిచినవాళ్లకు డబ్బుకు అమ్మే వస్తువుల జాబితా కనబడింది. నిజానికి ఆ వస్తువుల్లో చాలావరకు గేమ్‌లో ఆడుతూ సంపాదించుకోవచ్చు. అయినా జనం మండిపడ్డారు, ఎందుకంటే రివ్యూల్లో దాని ఊసు పెద్దగా లేదు. క్రాష్ టీమ్ రేసింగ్ నైట్రో ఫ్యూయెల్డ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2019 జూన్‌లో విడుదలై, మార్కులన్నీ మూటగట్టుకుని, ఆగస్టులో తీరిగ్గా డబ్బు దుకాణం తెరిచింది. అప్పటికి రివ్యూలు పాతబడ్డాయి, స్కోర్లు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక ట్రైలర్లు. గేమ్ పూర్తికాకముందే పది నిమిషాల ముక్కను మాత్రం పూర్తయిన గేమ్ స్థాయిలో చెక్కుతారు. దీన్ని వర్టికల్ స్లైస్ అంటారు. దారి ఒకటే, శత్రువులు ఎక్కడ లేవాలో ముందే రాసి ఉంటుంది, నడిపేది ఖరీదైన పీసీ, ఆడేది పదిసార్లు సాధన చేసిన మనిషి. మోసం చేయాలనే చేస్తారని కాదు. గేమ్ ఇలా రావాలి అని టీమ్ తనకు తాను గీసుకున్న గీత అది. ఆ పది నిమిషాల నాణ్యతను నలభై గంటలకు సాగదీయగలరా అన్నది ట్రైలర్ చూసి చెప్పలేం.

కనిపెట్టే గుర్తులు మాత్రం కొన్నున్నాయి. తెర మీద హెల్త్, మ్యాప్, తూటాల లెక్క కనబడుతున్నాయా? కెమెరా కంట్రోలర్ పట్టుకున్న మనిషి తిప్పినట్టు తడబడుతోందా, సినిమా క్రేన్ మీద జారినట్టు జారుతోందా? "ఇన్-ఇంజిన్" అని రాసుంటే ఆ దృశ్యం గేమ్ ఇంజిన్‌లో తయారైందని మాత్రమే అర్థం, ఆడుతూ తీసిందని కాదు. అన్నిటికంటే పెద్ద గుర్తు ఏంటంటే, ఏడాది పొడవునా మూడు నాలుగు ట్రైలర్లు వచ్చినా అదే వీధి, అదే బాస్ ఫైట్ తిరగడం. అలాంటప్పుడు మిగతాది ఇంకా తయారుకాలేదని అనుమానించొచ్చు. కటింగ్ లేని ఇరవై నిమిషాల ఆట, మీరు వాడే కన్సోల్ మీద రికార్డు చేసింది చూపించారంటే మాత్రం సగం భయం తీరినట్టే.

డెమోకీ గేమ్‌కీ తేడా గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్ 2013లో వచ్చింది. డెమోల్లో ఒళ్లు జలదరించేలా వేటాడిన ఏలియన్లు అసలు గేమ్‌లో తిన్నగా తుపాకీకి ఎదురొచ్చి చచ్చేవి. కారణాల్లో ఒకటి ఏళ్ల తర్వాత గానీ బయటపడలేదు, అందరికీ తెలిసింది 2018లో. సెట్టింగుల ఫైల్‌లో ఏలియన్లను ప్రదేశాలకు ముడివేసే ఒక లైన్ ఉంది. అందులో "టెదర్" అన్న మాట స్పెల్లింగులో "ఏ" అక్షరం ఒకటి ఎక్కువ పడింది. దాంతో ఆ ఆదేశాన్ని గేమ్ పట్టించుకోలేదు. నోట్‌ప్యాడ్‌లో ఫైల్ తెరిచి ఆ ఒక్క అక్షరం చెరిపేస్తే ఏలియన్లు పక్కల నుంచి చుట్టుముట్టడం మొదలెట్టాయి! గేమ్‌లోని మిగతా లోపాలు దీంతో తీరలేదు గానీ, ఇంత చిన్న తప్పు ఇన్నేళ్లు ఎవరి కంటా పడలేదు.

మార్కుల లెక్కకొద్దాం. మెటాక్రిటిక్‌లో గేమ్‌కు 75 వస్తే గానీ పచ్చరంగు పడదు. అదే సినిమాకైతే 61 చాలు. గేమ్‌ల రివ్యూల్లో పదికి 5 అంటే మధ్యస్తం కాదు, దాదాపు ఫెయిలే. 7 అంటే "ఈ రకం గేమ్‌లు ఇష్టమైతే ఆడొచ్చు" అని. పైగా మెటాక్రిటిక్ కొన్ని సైట్లకు ఎక్కువ తూకం, కొన్నిటికి తక్కువ తూకం వేస్తుంది, ఆ తూకాలేంటో బయటపెట్టదు. అలాంటిదే ఇంకో సైట్ ఓపెన్‌క్రిటిక్ మామూలు సగటే వేస్తుంది. ఎక్కడ చూసినా సగటు దగ్గర ఆగకుండా మార్కులు ఎలా చెదిరాయో చూడండి. అందరూ 8 ఇస్తే సగటు 80. సగం మంది 10, సగం మంది 6 ఇచ్చినా 80 వస్తుంది. మొదటిది నమ్మకంగా కొనుక్కునే గేమ్. రెండోదాంట్లో మీరు ఏ సగంలో పడతారో తేల్చుకోవాలి. దానికి ఒకటే పద్ధతి: 10 ఇచ్చినవి పక్కనపెట్టి, 6 ఇచ్చినవి రెండు పూర్తిగా చదవండి. అందులో తిట్టిన విషయాలు మీకు పట్టనివైతే నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ దుకాణంలో కనబడే శాతం అసలు మార్కే కాదు. 80 శాతం అంటే నూటికి ఎనభై మంది బాగుందన్నారని. వాళ్లందరూ "పర్లేదు" అనుకున్నవాళ్లే అయినా శాతం అంతే వస్తుంది. 40 నుంచి 69 దాకా "మిక్స్‌డ్" అని పడుతుంది. 69 ఉన్న గేమ్‌కూ 41 ఉన్న గేమ్‌కూ బోలెడు తేడా ఉన్నా పేజీ మీద మాట మాత్రం ఒకటే. కాబట్టి మాట మీద మౌస్ పెట్టి అంకె చూడాలి. రివ్యూల విభాగంలో తేదీలవారీ గ్రాఫు కూడా ఉంటుంది. ఎర్రగీత ఒక్కసారిగా లేచిందంటే ఆ రోజు ఏదో జరిగినట్టు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆడాలంటే ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతా తప్పనిసరి అనగానే కొద్ది రోజుల్లో రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి. సోనీ వెనక్కి తగ్గింది. దాన్ని రివ్యూ బాంబింగ్ (కక్షతో గుంపుగా చెడ్డ రివ్యూలు కురిపించడం) అని తీసిపారేయడం తప్పు, ఎందుకంటే ఆ సేవ లేని దేశాల్లో కొన్నవాళ్లకు గేమే చేజారిపోయేది.

భాష ఫిల్టరూ మరవొద్దు. 2025 సెప్టెంబర్‌లో హాలో నైట్: సిల్క్‌సాంగ్ వచ్చినప్పుడు సరళీకృత చైనీస్ రివ్యూలు ఎర్రగా మండుతుంటే మిగతా భాషల్లో పొగడ్తలు కురిశాయి. అక్కడి గొడవంతా అనువాదం మీదే. మీరు ఆడబోయే భాషలో వచ్చిన రివ్యూలనే విడిగా చూడండి. ఆడిన గంటల ఫిల్టర్‌ను పదికి పైన పెట్టి చదివితే విసుగుపుట్టే గేమ్ ఏదో బయటపడుతుంది. రెండు గంటల్లోపు రాసినవి క్రాష్‌ల గురించి చెబుతాయి.

నిరాశ కూడా అంతా ఒక రకం కాదు. ప్యాచ్‌తో, అంటే విడుదల తర్వాత లోపాలు సరిచేసే అప్‌డేట్‌తో, తీరేది, తీరనిది అని విడదీసి చూడాలి. పీసీలో తరచూ వినపడే షేడర్ స్టట్టర్ తీసుకోండి. కొత్త ఎఫెక్టు మొదటిసారి తెరమీదకొచ్చినప్పుడు దానికి కావాల్సిన చిన్న ప్రోగ్రామ్‌ను (షేడర్‌ను) మీ గ్రాఫిక్స్ కార్డుకు తగ్గట్టు అప్పటికప్పుడు తయారుచేసుకోవాల్సి వస్తే, గేమ్ ఒక్క క్షణం గడ్డకడుతుంది. 60 ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకు 60 ఫ్రేమ్‌లు (తెరమీద మారే బొమ్మలు) చొప్పున నడిచేటప్పుడు, ఒక్కో ఫ్రేమ్‌కు ఉండే సమయం 16.7 మిల్లీసెకన్లే. తయారీకి వంద పడితే ఆ కుదుపు కంటికి తెలిసిపోతుంది. సగటు ఎఫ్‌పీఎస్ అంకెలో మాత్రం కనబడదు. అందుకే ఫ్రేమ్ టైమ్ గ్రాఫు చూపించే పరీక్షలనే నమ్మాలి. ఇది ప్యాచ్‌తో తీరే జబ్బే. షేడర్లను ముందే తయారుచేసే ఏర్పాటు పెడితే చాలావరకు పోతుంది.

కొత్త ప్రాంతం లోడయ్యేటప్పుడు వచ్చే కుదుపు అంత తేలిగ్గా పోదు, కార్డు మార్చినా పోదు. కంటెంట్ తక్కువైన గేమ్ ఏళ్లు పట్టినా కోలుకోవచ్చు. 2016లో తిట్లు తిన్న నో మ్యాన్స్ స్కై అందుకు సాక్ష్యం. సైబర్‌పంక్ కూడా 2023 సెప్టెంబర్‌లో 2.0 ప్యాచ్‌తో నిలదొక్కుకుంది. అసలు ఆటలోనే పస లేకపోతే మాత్రం ఆశ వదులుకోవచ్చు. ఆంథమ్‌ను తిరగరాసే పని 2021లో ఆపేశారు. రెడ్‌ఫాల్ 2023 మేలో వచ్చింది, ఏడాదికే దాన్ని తయారుచేసిన స్టూడియోను మూసేశారు. "తర్వాత బాగుచేస్తారులే" అని కొనడానికి ఇవి మంచి ఉదాహరణలు కావు.

కొనేశారనుకోండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల్లోపు అయితే డబ్బు వెనక్కొస్తుంది. గేమ్ తెరిచి ఉన్నంతసేపూ గడియారం తిరుగుతుంది, మెనూలో షేడర్లు తయారవుతున్న సమయంతో సహా. 2023లో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీలో కొన్ని మెషీన్ల మీద ఈ తయారీకే అరగంటకు పైగా పట్టింది. ఖరీదైన ఎడిషన్ కొని మూడు రోజుల ముందు నుంచే ఆడితే ఆ గంటలూ 2024 నుంచి లెక్కలోకే వస్తాయి. కాబట్టి కథ వీడియోలు దాటేసి, మొదటి పెద్ద బహిరంగ ప్రదేశం దాకా తిన్నగా వెళ్లండి. గుంపులున్న చోట పరుగెత్తి, కెమెరా గిర్రున తిప్పి, ఒక పోరాటం చేసి, సేవ్ చేసి బయటికొచ్చి మళ్లీ లోడ్ చేయండి. గంటన్నర దగ్గర ఆగి తేల్చుకోండి.

జీఓజీ అనే ఇంకో పీసీ గేమ్‌ల దుకాణంలో ఇంత హడావిడి అక్కర్లేదు, ఆడినా 30 రోజుల గడువుంటుంది. ప్లేస్టేషన్‌లో గడువు 14 రోజులే అయినా, డౌన్‌లోడ్ మొదలైతే గేమ్ పాడైపోయి ఉంటే తప్ప ఆ హక్కు పోయినట్టే. ప్రీఆర్డర్ చేసినవాళ్లకు విడుదలకు ముందే గేమ్ దానంతటదే దిగిపోయే సెట్టింగ్ ఉంటుంది. కొనేటప్పుడే దాన్ని ఆఫ్ చేసి, రివ్యూలు చదివాకే డౌన్‌లోడ్ నొక్కండి.