హ్యాండిల్ మీద 145: చెన్నైలో ట్రయథ్లాన్ సాధన, ఆరో వారం

ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్ అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు. విడివిడిగా మూడూ వచ్చు నాకు. వరసగా చేసేటప్పుడు ఎక్కడ ఎంత ఓపిక ఖర్చుపెట్టాలన్నదే ఇంకా నేర్చుకుంటున్నాను.

ఈతలో పెద్దగా చిక్కులేదు. వేళచ్చేరిలో 50 మీటర్ల కొలను, 30 సార్లు ఈ చివర నుంచి ఆ చివరకి. మొదటి వంద మీటర్లు 1:55కి కొట్టేసి తర్వాతవి 2:25కి జారిపోయేవాణ్ణి. ఇప్పుడు మొదటి 200 కావాలనే తగ్గించి ఈదుతున్నాను. వందకి 2:12 చివరిదాకా నిలుస్తోంది.

అసలు సంగతంతా సైకిల్ దగ్గరే ఉంది. ఫిబ్రవరి మొదటి ఆదివారం తెల్లవారుజామున తిరువాన్మియూర్‌లో బయల్దేరి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద దక్షిణంగా ముట్టుకాడు వైపు వెళ్ళాను. ఈ నెలల్లో ఉత్తరపు గాలి వీపున తోస్తుంది. గంటకు 32 కిలోమీటర్ల వేగం వస్తుంటే అదంతా నా కాళ్ళ బలమే అనుకున్నాను. గుండె వేగం 158 చూపిస్తున్నా లెక్కచెయ్యలేదు. 20 కిలోమీటర్ల దగ్గర వెనక్కి తిరగ్గానే అదే గాలి ఎదురైంది. వేగం 26కి పడితే ఒప్పుకోలేక, పెద్ద గేరులోనే నిమిషానికి 65 పెడల్ తిప్పులతో లాగాను. సైకిల్ 1:24:10. దిగి బూట్లు మార్చుకుని పరుగెత్తితే మొదటి కిలోమీటరు 5:10. ఏడో కిలోమీటరుకి తొడలు బిగుసుకుపోయి నడక. 10 కిలోమీటర్లకు 1:08:20 పట్టింది.

ఇంటికొచ్చి తూకం చూస్తే కిలోన్నర తగ్గాను, దారిలో 750 మిల్లీలీటర్లు తాగి కూడా. అంటే రెండున్నర గంటల్లో రెండుంబావు లీటర్ల చెమట. చెన్నై ఉక్కలో చెమట ఆరదు, కారిపోతుంది. ఒళ్ళు చల్లబడక, వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది. అదే వేగానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకోవాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ వేగం చూసి తొక్కడం తప్పని నాకు గట్టిగా అనిపించింది.

మరుసటి వారం తెల్ల ప్లాస్టర్ ముక్క మీద గుండె వేగానికి హద్దుగా 145 అని రాసి హ్యాండిల్‌కి అంటించాను. అది దాటితే గేరు దించాలి, గాలి ఎటు వీచినా సరే. తిప్పులు 85కి తగ్గకూడదు. ఇంట్లోనే లీటరు నీళ్ళలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి సీసా నింపుకుని, పావుగంటకోసారి గడియారం మోగగానే నాలుగు గుక్కలు. పరుగులో మొదటి రెండు కిలోమీటర్లు, ఒక్కోటి 6:15 కంటే వేగంగా పోకూడదు.

మూడు వారాలు ఇలాగే చేశాక, నెల చివరి ఆదివారం నెల్లూరు తమ్ముడొకడు తోడొచ్చాడు. ఉత్తండి టోల్ దాటగానే "గాలి మనదే అన్నా, లాగించేద్దాం!" అన్నాడు. "నువ్వు పో తమ్ముడూ, తిరిగొచ్చేటప్పుడు కలుద్దాం" అన్నాను. వాడి వెనక లైటు చిన్నదైపోతుంటే మనసు పీకింది. కింద చూస్తే 147. గేరు దించాను. చెమటకి ప్లాస్టర్ మీద 5 అంకె అలుక్కుపోయింది గానీ సంఖ్య అప్పటికి మనసులో పడిపోయింది. వచ్చేటప్పుడు అక్కరై దగ్గర వాణ్ణి అందుకున్నాను. గాలి తగలకుండా నా చక్రం వెనకే రమ్మందామనుకుని ఊరుకున్నాను. నేను వెళ్ళాలనుకుంటున్న పోటీలో అది కుదరదు, ఎవరి గాలి వాళ్ళే చీల్చుకోవాలి.

ఆ రోజు సైకిల్ 1:27:50, అంటే 3 నిమిషాల 40 సెకన్లు ఎక్కువ. పరుగు 59:35. ఒక్క అడుగూ నడవలేదు, ఆఖరి కిలోమీటరు 5:32. రెండూ కలిపితే 5 నిమిషాల 5 సెకన్లు మిగిలాయి. గాలి, ఎండ రోజుకోలా ఉంటాయి కాబట్టి ఇంకో రెండుసార్లు ఇదే పద్ధతిలో చూడాలి.

ఏప్రిల్‌కల్లా గాలి దక్షిణానికి తిరుగుతుంది. అప్పుడు బయల్దేరగానే ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోపు. వేడి కూడా పెరుగుతుంది కనుక కొత్త ప్లాస్టర్ మీద 142 రాసి, రెండో సీసాకి స్టాండు బిగించాను.