పదిన్నర కేజీలు

మిర్యాలగూడ రైస్ మిల్లులో హెల్పర్‌గా చేరినప్పుడు నాకు ప్రెషర్ అంటే కేజీలే. "ఎన్ని కేజీలుంది?" అని లోపలి నుంచి కేక వస్తే, బాయిలర్ నడిపే కాక గేజ్ వైపు చూసి "ఏడు" అనేవాడు. చదరపు సెంటీమీటరు మీద ఏడు కేజీల బలం అని ఐటీఐలో చదివాను గానీ, మిల్లులో అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు? బాయిలర్‌కు బిగించిన పలక మీద మాత్రం గరిష్ఠ ప్రెషర్ 10.54 అని ఉండేది. పది కాదు, పదిన్నరా కాదు. ఆ చివరి నాలుగు ఎక్కడిదని అడిగితే కాక, "కంపెనీవోడు కొట్టిండు. నువ్వు ఊక తొయ్యి ముందు" అన్నాడు.

సౌదీలో జుబైల్‌కి పైప్ ఫిట్టర్‌గా వెళ్లాక కేజీలు మాయమయ్యాయి. మా సైట్‌లో పాత ప్లాంట్ అమెరికా పద్ధతిలో కట్టింది, అక్కడంతా పీఎస్ఐ, అంటే చదరపు అంగుళం మీద ఇన్ని పౌండ్ల బలమని. మేం పౌండ్లు అనేవాళ్లం. యూరప్ పంపుల మీద బార్ అనే ఇంకో కొలత. జపాన్ నుంచి వచ్చిన సామాను మీద ఎంపీఏ, అంటే మెగా పాస్కల్. క్యాంపు పికప్‌కి గాలి పట్టించబోతే మెషీన్ 2.2 చూపించింది. దేవరకొండ పంక్చర్ షాపులో ముప్పై రెండు కొట్టించుకున్నవాణ్ని, టైర్ ఖాళీ అయిందనుకుని కిందికి దిగి తన్ని చూశాను. రాయిలా ఉంది. 2.2 బార్ అంటే ఆ ముప్పై రెండు పౌండ్లేనట.

అసలు పరువు పోయింది హైడ్రో టెస్ట్ దగ్గర, అంటే నీళ్ల ప్రెషర్ పెట్టి పైపు కారుతుందేమో చూసే పరీక్ష. కొత్తగా వేసిన లైన్‌కి రెండు చివర్లా బ్లైండ్లు అనే మూత పలకలు బిగించి, నీళ్లు నింపి, పైన గాలి పోయే వెంట్ తెరిచి గాలంతా వదిలేసి, చేతి పంపుతో ప్రెషర్ ఎక్కిస్తాం. కాగితం మీద 1.5 ఎంపీఏ అని ఉంది. నాకు 1.5 కనబడింది, పక్కనున్న అక్షరాలు కనబడలేదు. స్టోర్‌వాడు ఇచ్చిన గేజ్ 25 బార్ వరకు చూపించేది. ఒకటిన్నరకి ఇంత పెద్ద గేజ్ ఎందుకిచ్చాడని అప్పుడే అనుమానం రావాలి, రాలేదు. నాలుగు దెబ్బలు కొట్టేసరికి ముల్లు సున్నా మీంచి కాస్త లేచింది. ఆపేశాను.

ఎండ ఎక్కుతున్నకొద్దీ పైపులో నీళ్లు వేడెక్కి వ్యాకోచిస్తాయి, పంపు ముట్టుకోకపోయినా ముల్లు పాకుతుంది. నేను డ్రెయిన్ దగ్గర కూర్చుని చుక్క చుక్క వదులుతూ, సరిగ్గా ఒకటిన్నర మీద దాన్ని గంటసేపు కాపాడాను. ఒక్క జాయింట్ కారలేదు. ఎలా కారుతుంది! 1.5 ఎంపీఏ అంటే 15 బార్. నేను పెట్టింది అందులో పదో వంతు. పదిహేను మీటర్ల ఎత్తు వాటర్ ట్యాంకు కింద నల్లాకుండే ప్రెషర్. ఇన్‌స్పెక్టర్ వచ్చి గేజ్ చూసి నవ్వాడు. కల్వకుర్తి నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ అన్న నవ్వలేదు. "తమ్మీ, నువ్వు జేసింది టెస్టా, నల్లా కనెక్షనా?" అన్నాడు. మళ్లీ ఎక్కిస్తే పన్నెండు బార్ దగ్గరే రెండు ఫ్లాంజీలు, అంటే బోల్టులతో బిగించిన జాయింట్లు, చిమ్మాయి.

ఆ రాత్రి రూమ్‌లో అన్న నాతో జేబు డైరీ వెనక అట్ట మీద రాయించాడు. ఒక బార్ 14.5 పౌండ్లు. ఒక కేజీ 14.22. ఒక ఎంపీఏ పది బార్లు, అంటే 145 పౌండ్లు. 1971 నుంచి అంతర్జాతీయ పద్ధతిలో ప్రెషర్ కొలత పేరు పాస్కల్, కానీ ఒక బార్‌కే లక్ష పాస్కల్స్ కావాలి, అందుకే ముందు ఆ మెగా తగిలించుకుని వస్తుంది. బార్‌కీ కేజీకీ తేడా రెండు శాతం. సైట్‌లో చాలామంది రెండూ ఒకటే అంటారు. మాటల్లో పర్లేదు, టెస్ట్ కాగితం మీద కుదరదు. ఆ అట్టకి అలవాటుపడి అమ్మ బీపీ కూడా తిప్పి చూశాను. "నూట అరవై వచ్చింది బిడ్డా" అని ఫోన్‌లో చెప్పింది. అది పాదరసం మిల్లీమీటర్లలో లెక్క. పౌండ్లలో 3.1. సైకిల్ ట్యూబు కూడా సరిగ్గా ఉబ్బదు, అయినా నాకు రాత్రంతా టెన్షన్.

పౌండ్లని కేజీలు చెయ్యడానికి అన్న ఇంకో కిటుకు చెప్పాడు: ఏడుతో హెచ్చవేసి, వందతో భాగించు. సరదాకి 150 వేశాను. 1050. పదిన్నర! లేచి కూర్చుని ఫోన్‌లో కచ్చితంగా కొట్టాను: 10.546. మిల్లు పలక మీది ఆ వింత నంబర్ 150 పౌండ్లే. మన దేశంలో మెట్రిక్ తూనికల చట్టం 1956లో వచ్చింది. కొలత మారింది, బాయిలర్ మారలేదన్నమాట. పౌండ్ల నాటి ఆ 150, కేజీల చొక్కా తొడుక్కుని మా మిర్యాలగూడలో నిలబడి ఉంది.

సెలవుకి వచ్చినప్పుడు మిల్లుకి వెళ్లి కాకకి ఇదంతా చెప్పాను. పలక తుడిచి వేలు పెట్టి మరీ చూపించాను. కాక బీడీ ఆర్పి గేజ్ వైపే చూశాడు.

"నూట యాభయ్యో, పదిన్నరో... మనకు ఏడు చాలు బిడ్డా. ఆడిదాక పోతే సేఫ్టీ వాల్వ్ లేస్తది, దాని ఎన్కనే ఓనర్ లేస్తడు."