గీతకి 63 సైకిళ్లు: పాత డెమోలు ఎమ్యులేటర్‌లో ఎక్కడ తాళం తప్పుతాయి

కమోడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్ డెమో (యంత్రం సత్తా చూపించే బొమ్మలూ పాటల ప్రోగ్రామ్) ఒకటి దించుకుని, ఆ యంత్రంలా నటించే ఎమ్యులేటర్ కిటికీలోకి లాగి వదిలితే సాధారణంగా మూడు గోలల్లో ఏదో ఒకటి మొదలవుతుంది. పాట ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతుంది. లేదా మొదటి భాగం బాగానే ఆడి, రెండోదానికి ముందు నల్లతెర మీద ఆగిపోతుంది. అదీ కాకపోతే అంతా నడుస్తుంది గానీ, కింద వెళ్లే అక్షరాల వరస గతుకుల రోడ్డు మీద షేర్ ఆటోలా కుదుపుతుంది. మూడింటికీ కారణాలు వేరు. ఒకటి యంత్రం మోడల్, రెండోది డ్రైవ్, మూడోది మీ మానిటర్. ఈ వరసలోనే సరిచేసుకోవాలి. మోడల్ తప్పుగా ఉంచి మానిటర్‌తో కుస్తీ పడితే పని తెమలదు.

గేమ్ బాగా ఆడిన సెట్టింగే డెమోకి ఎందుకు చాలదంటే, గేమ్‌కి ఒక ఫ్రేమ్‌లో పని పూర్తయితే చాలు. డెమో మాత్రం టీవీ తెర మీద బొమ్మ గీసే కిరణం ఏ గీతలో ఎన్నో చుక్క దగ్గరుందో లెక్కపెట్టుకుని, సరిగ్గా అక్కడే రంగు మారుస్తుంది. పాల్ (మన దేశంలోనూ ఉన్న టీవీ పద్ధతి) కమోడోర్‌లో గీతకి 63 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారం టిక్కులు), ఫ్రేమ్‌కి 312 గీతలు, వెరసి 19,656 సైకిళ్లు. ప్రాసెసర్ వేగం సెకనుకి 9,85,248 సైకిళ్లు కాబట్టి సెకనుకి 50.125 ఫ్రేములు పడతాయి. అమెరికా వాళ్ల ఎన్‌టీఎస్‌సీ యంత్రంలో గీతకి 65 సైకిళ్లు, 263 గీతలు, దాదాపు 59.83 ఫ్రేములు. ఒక్క సైకిల్ అంటే తెర మీద 8 చుక్కల వెడల్పు. 63కి లెక్కగట్టిన కోడ్ 65 సైకిళ్ల గీత మీద ఆడితే ప్రతి గీతకీ 16 చుక్కలు ఎడమకి జరిగిపోతుంది. నిలువుగా ఉండాల్సిన రంగు అంచు మెట్లలా విరిగి కనిపిస్తే అదే సంగతి. ఇంకొన్ని డెమోలు 300వ గీత వచ్చేదాకా కాచుకుంటాయి. ఎన్‌టీఎస్‌సీలో ఆ గీతే లేదు గనక అక్కడే శాశ్వతంగా కూర్చుంటాయి. పాట కూడా ఫ్రేమ్‌కొకసారి నడిచేదే కాబట్టి దాదాపు 19 శాతం వేగం పెరిగి, శ్రుతి 4 శాతం పైకి లేస్తుంది.

కాబట్టి మొదటి పని మోడల్. వైస్ ఎమ్యులేటర్‌లో ఎక్స్‌64ఎస్‌సీ అనే ప్రోగ్రామే తెరవండి. పాత ప్యాకేజీల్లో ఎక్స్‌64 అని ఇంకోటి ఉంటుంది. అది బలహీనమైన కంప్యూటర్ల కోసం లెక్క కొంత వదులుగా చేసేది, డెమోలకి పనికిరాదు. సెట్టింగ్స్‌లో మోడల్ దగ్గర ముఖ్యంగా రెండు పాల్ మోడళ్లు చూడాలి: సీ64 పాల్, సీ64సీ పాల్. రెండింటికీ గీత లెక్క ఒకటే, లోపలి చిప్పులు వేరు. మొదటిదానిలో 6569 వీడియో చిప్పు, 6581 సౌండ్ చిప్పు ఉంటాయి. రెండోదానిలో 8565, 8580. టైమర్ చిప్పు కూడా మారుతుంది. పాతది ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపమని ప్రాసెసర్‌కి సంకేతం) ఇవ్వడంలో కొత్తదానికంటే ఒక సైకిల్ వెనక. ఆ ఒక్క సైకిలే కొన్ని డెమోల్లో ఎనిమిది చుక్కల చిరుగుగా బయటపడుతుంది.

ఏ చిప్పు కావాలో డెమోతో వచ్చిన నోట్ ఫైల్లో రాస్తారు. అది చదవకుండా మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ! రాయకపోతే చెవితో తేల్చుకోవాలి. డ్రమ్స్, గొంతు లాంటి రికార్డు శబ్దాలు బాగా సన్నగా వినిపిస్తే పాత 6581కి మార్చి చూడండి. ఆ చిప్పులో వాల్యూమ్ రిజిస్టర్‌ని గబగబా మారిస్తే టిక్కుమని శబ్దం వచ్చే లోపం ఉంది. పాత కోడర్లు ఆ లోపాన్నే వాడుకుని శాంపిళ్లు వాయించారు. 8580లో లోపం చాలావరకు పోయింది, దాంతోపాటే శాంపిళ్లూ నీరసించాయి. డిజి బూస్ట్ అనే ఆప్షన్‌తో కొంత వెనక్కి తేవచ్చు. అదే డ్రమ్స్ గట్టిగానే ఉండి ఫిల్టర్ వేసిన బేస్ గొంతు మూసినట్టుంటే 8580 ప్రయత్నించండి. సౌండ్ ఇంజిన్ మాత్రం ఎప్పుడూ రీసిడ్‌లోనే ఉంచాలి.

ఇక డ్రైవ్. నల్లతెర కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. 1541 ఫ్లాపీ డ్రైవ్ వట్టి డబ్బా కాదు. దానిలో సొంతంగా 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల మెమరీ ఉన్నాయి. డెమో ముందుగా తన లోడర్‌లో సగాన్ని ఆ డ్రైవ్‌లోకి పంపిస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్, డ్రైవ్ కలిసి కోలాటం ఆడతాయి. నువ్వు సిద్ధమా, నేను సిద్ధం అని ప్రతి బిట్‌కీ అడుక్కోవడం ఉండదు. ఇద్దరికీ తాళం తెలుసు, లెక్క ప్రకారం కర్ర తగలాలి అంతే. వైస్‌లో ట్రూ డ్రైవ్ ఎమ్యులేషన్ ఆపి ఉంటే అవతల కర్ర పట్టుకున్న మనిషే ఉండడు. మామూలు లోడ్ ఆజ్ఞని మధ్యలో పట్టుకుని ఫైల్ చేతికిచ్చే అడ్డదారి మాత్రమే ఉంటుంది. అందుకే మొదటి ఫైల్ లోడవుతుంది, రెండో భాగం రాదు.

8వ నంబరు డ్రైవ్‌కి రకం 1541 పెట్టి, ట్రూ డ్రైవ్ ఎమ్యులేషన్ ఆన్ చేయండి. వర్చువల్ డివైస్ అన్నది ఆపండి. 9, 10, 11 నంబర్లకి డ్రైవ్ ఏదీ లేకుండా చూడండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఆ తీగ మీద ఇంకో డ్రైవ్ ఉంటే కోలాటం మధ్యలో మూడోవాడు కర్ర పెట్టినట్టే. ఫాస్ట్‌లోడ్ కార్ట్రిడ్జ్‌లు తీసేయండి, మెమరీ విస్తరణ డెమో అడిగితే తప్ప వద్దు. ఆటోస్టార్ట్ సెట్టింగుల్లో లోడయ్యేటప్పుడు ట్రూ డ్రైవ్‌ని తాత్కాలికంగా ఆపే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది కూడా తీసేయాలి. అనుమానంగా ఉంటే ఆటోస్టార్ట్ మానేసి, డిస్క్ తగిలించి, చేత్తో లోడ్"*",8,1 కొట్టి రన్ ఇవ్వండి. నిమిషం ఆలస్యమైతే అవుతుంది.

డిస్క్ ఇమేజ్ కూడా ఒకసారి చూసుకోండి. మామూలు డీ64 ఫైల్ 35 ట్రాకులు, 683 బ్లాకులు, అంటే కచ్చితంగా 1,74,848 బైట్లు. అంతకంటే తక్కువుంటే డౌన్‌లోడ్ తెగిపోయిందన్నమాట. పక్క మార్చమని డెమో అడిగినప్పుడు రీసెట్ కొట్టకుండా కొత్త ఇమేజ్‌ని తగిలించండి చాలు. ముందే అన్ని పక్కల్నీ ఫ్లిప్ లిస్ట్‌లో వరసగా పెట్టుకుంటే ఒక్క మీటతో మారుతుంది. అన్నీ కుదిరాయో లేదో తేల్చుకోవడానికి బూజ్ డిజైన్ వాళ్ల 2008 నాటి ఎడ్జ్ ఆఫ్ డిస్‌గ్రేస్ మంచి పరీక్ష. అది డ్రైవ్‌నీ సతాయిస్తుంది, వీడియో చిప్పునీ సతాయిస్తుంది, మధ్యలో డిస్క్ కూడా మార్చమంటుంది.

తప్పులా కనిపించినా తప్పు కానివి కొన్నున్నాయి. ఎఫ్‌ఎల్‌ఐ బొమ్మల్లో ఎడమ అంచున 24 చుక్కల బూడిదరంగు పట్టీ కనిపిస్తే ఏ సెట్టింగూ ముట్టుకోకండి. ప్రతి గీతకీ కొత్త రంగులు చదవమని వీడియో చిప్పుని బలవంతపెట్టే పద్ధతి అది. మెమరీకి వెళ్లే దారి (బస్) పూర్తిగా దాని చేతికి రావడానికి మూడు సైకిళ్లు పడుతుంది. ఆ మూడు అక్షరాల మేర అది చెత్త చదువుతుంది. అసలు యంత్రంలోనూ అంతే. అలాగే సీ64సీ మోడల్‌లో రంగు మారే చోట చిన్న బూడిద చుక్కలు 8565 చిప్పు అలవాటు. పక్కపక్క గీతల్లో వేర్వేరు రంగులు చారల్లా కొట్టొచ్చినట్టుంటే మాత్రం ఫిల్టర్‌ని పాల్ లేదా సీఆర్‌టీకి మార్చండి. పాల్ టీవీ వరుస రెండు గీతల రంగుని కలిపి చూపిస్తుంది. ఆ కలయికని నమ్ముకునే బొమ్మ గీశారు.

ఇప్పుడు కుదుపు. ల్యాప్‌టాప్ తెర 60 హెర్ట్జ్, డెమో 50. అరవై గళ్లలో యాభై ఫ్రేములు సర్దాలంటే ప్రతి ఐదో ఫ్రేమూ రెండు గళ్లు ఆక్రమిస్తుంది. అంటే సెకనుకి పదిసార్లు కింది అక్షరాల వరస (స్క్రోలర్) తటపటాయిస్తుంది. 75, 144 హెర్ట్జ్ మానిటర్లతోనూ లెక్క కుదరదు. 50 గానీ 100 గానీ కావాలి, లేకపోతే ఫ్రీసింక్ లాంటి మారే రిఫ్రెష్ ఉండాలి.

ఈ విషయంలో మన దేశంలో ఉండటం కలిసొచ్చింది. 1982లో రంగుల దూరదర్శన్ వచ్చినప్పటి నుంచి మనది పాల్ దేశం. ఇప్పటి సెట్‌టాప్ బాక్సులు ఇచ్చేదీ 50 హెర్ట్జే. కాబట్టి ఇంట్లో హాల్లో ఉన్న ఎల్‌ఈడీ టీవీ 50 తీసుకుంటుంది, ఖరీదైన గేమింగ్ మానిటర్ తీసుకోకపోవచ్చు. ముందు టీవీకి హెచ్‌డీఎంఐ కలిపి చూడండి. విండోస్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దగ్గర రిఫ్రెష్ రేట్ 50కి మార్చి, టీవీలో గేమ్ మోడ్ పెట్టి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. మానిటరే కొనాలనుకుంటే ద్వారకానగర్ షాపులో పెట్టె మీది అంకెలు చదివి తెచ్చుకోవద్దు. పెట్టె మీద పెద్ద అంకె ఒక్కటే ఉంటుంది. 50 వస్తుందా అని అడిగితే అంత తక్కువ ఎందుకండీ అంటారు. ల్యాప్‌టాప్, కేబుల్ పట్టుకెళ్లి అక్కడే పెట్టి చూసుకోవడం నయం.

50కి మార్చాక కూడా ఒక చిన్న మెలిక. కమోడోర్ 50.125, తెర 50.000. ఫ్రేముల్ని తెర రిఫ్రెష్‌తో జతకలిపే వీసింక్ పెడితే ఎనిమిది సెకన్లకొక ఫ్రేమ్ జారిపోతుంది. వైస్‌లో వేగం దగ్గర 50 ఎఫ్‌పీఎస్ ఎంచుకుంటే అంతా పావు శాతం నెమ్మదించి సమానమవుతుంది. ఆ పావు శాతం శ్రుతి తేడా సంగీత విద్వాంసులకి కూడా తెలీదు.

సింక్లెయిర్ వాళ్ల పాత ఇంటి కంప్యూటర్ స్పెక్ట్రమ్ సంగతి క్లుప్తంగా. మన దేశంలో డెసిబెల్స్ సంస్థ 1986లో లైసెన్సుతో తెచ్చిన స్పెక్ట్రమ్ ప్లస్ పేరు కొందరికి గుర్తుండొచ్చు. దాని ఎమ్యులేటర్ ఫ్యూజ్ తెరిస్తే అలాంటి 48కె మోడల్‌తోనే మొదలవుతుంది. అక్కడే చిక్కు. రష్యా డెమోలు చాలావరకు పెంటగాన్ అనే నకలు యంత్రానికి రాసినవి. 48కెలో ఫ్రేమ్‌కి 69,888 టీ-స్టేట్లు (ఇక్కడి ప్రాసెసర్ సైకిళ్లు), 128కెలో 70,908, పెంటగాన్‌లో 71,680. పైగా సింక్లెయిర్ యంత్రాల్లో తెర గీస్తున్నప్పుడు వీడియో చిప్పు ప్రాసెసర్‌ని 6, 5, 4, 3, 2, 1, 0, 0 చొప్పున ఆపుతుంది. పెంటగాన్‌లో ఆ ఆపడం లేదు. ఫైల్ పేరు చివర టీఆర్‌డీ గానీ ఎస్‌సీఎల్ గానీ (డిస్క్ ఇమేజ్ రకాలు) ఉంటే ముందు మోడల్‌ని పెంటగాన్ చేసి, ఆ తర్వాతే తెరవండి. రంగుల గళ్లు అడ్డంగా చిరిగి ఉంటే మోడల్ తప్పని తెలిసిపోతుంది.

కమోడోర్ వాళ్ల తర్వాతి కంప్యూటర్ అమిగాకి విన్‌యూఏఈ అనే ఎమ్యులేటర్‌లో క్విక్‌స్టార్ట్ ఉంది. 1990ల మొదటి డెమోలకి ఏ500 మోడల్, కిక్‌స్టార్ట్ (అమిగా లోపలి సిస్టమ్ రోమ్) 1.3, 512 కిలోబైట్ల చిప్ మెమరీ, 512 స్లో మెమరీ, అనుకూలత గీటు పూర్తిగా ఎడమకి. ఫ్లాపీ వేగం 100 శాతం దగ్గరే ఉంచాలి, టర్బో పెడితే ఫ్లాపీ ట్రాకుల్ని నేరుగా చదివే డెమోలు తడబడతాయి. 1.3 రోమ్ ఫైల్ 2,62,144 బైట్లుండాలి, ఏడీఎఫ్ (అమిగా ఫ్లాపీ ఇమేజ్) 9,01,120. కిక్‌స్టార్ట్‌కి ఇప్పటికీ కాపీరైట్ ఉంది, డబ్బిచ్చి అమిగా ఫరెవర్‌తో తీసుకోవచ్చు. ఎమ్యులేటర్‌లోనే వచ్చే ఉచిత ఆరోస్ రోమ్‌తో పాత డెమోలు చాలా మొండికేస్తాయి. ఏజీఏ (అమిగా కొత్త గ్రాఫిక్స్ చిప్పులు) డెమో అయితే ఏ1200, కిక్‌స్టార్ట్ 3.1, 2 మెగాబైట్ల చిప్ మెమరీ. 68060 (వేగవంతమైన ప్రాసెసర్) అని రాసున్నవాటికి పైదంతా తలకిందులు చేయాలి: ఫాస్ట్ మెమరీ, ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కల చిప్పు), జిట్ (కోడ్‌ని అప్పటికప్పుడు అనువదించి వేగం పెంచే ఆప్షన్), ఎంత వేగం దొరికితే అంత.