మొక్కేం లేదు, ఊకెనే నడుస్తున్నం

ముందుగాల ఒక ముచ్చట చెప్తా, గోదారి ఒడ్డున నడిచేటందుకు దారి అని ఏం లేదు. బోర్డు లేదు, బాణం గుర్తు లేదు. ఉన్నదల్లా బర్లు నీళ్ళకు దిగే బాట, రైతులు మోటర్ల కాడికి పోయే బాట, కొన్ని కాడ ప్రాజెక్టోళ్ళు పోసిన కరకట్ట, అవి గూడ లేని కాడ ఉత్త ఇసుక. గూగుల్ మ్యాప్ల చూస్తే అంతా పచ్చగ, నున్నగ కనబడుతది గని పోయి చూస్తే సర్కారు తుమ్మ.

అసలు ఇదంతా మా బామ్మర్ది షుగర్ వల్ల షురూ అయింది. బార్డర్ల ఉన్నది, రోజూ నడువుమని డాక్టర్ చెప్పిండట. మా వరంగల్ల భద్రకాళి బండ్ మీద వారం రోజులు నడిచిండు, ఎనిమిదో రోజు "ఏంది బావా, తిరిగిన కాడనే తిరుగుడు, గానుగెద్దు లెక్క" అన్నడు. అయితే సీదా పోదాం పా అన్న నేను, నవ్వులాటకే అన్న, వాడు నిజం అనుకున్నడు. గోదావరిఖని బ్రిడ్జి నుంచి కాళేశ్వరం దాక, ఆదివారానికి ఇంత అని, రోజుకు పదిహేను పద్దెనిమిది కిలోమీటర్లు, యాడ ఆపితే మళ్ళ ఆడనే మొదలు పెట్టుడు. 2025 సంక్రాంతి అయిపోయినంక షురూ చేస్తే మార్చి మొదట్ల అయిపోయింది, నడుమ మేడారం మినీ జాతరప్పుడు బస్సులన్నీ అటే పోయినయని ఒక వారం ఇంట్లనే పన్నం.

మొదటి ఆదివారం గురించి పెద్దగ చెప్పేటందుకు ఏం లేదు. కాజీపేటల పొద్దుగాల రైలెక్కి రామగుండంల దిగి ఆటోల బ్రిడ్జి కాడికి పోయినం. వెనక బొగ్గు గనులల్ల తవ్వి పోసిన ఓబీ మట్టి గుట్టలు, టౌన్ మురికి నీళ్ళు సక్కగ గంగలకే వస్తయి, వాసన. అవును, మా దిక్కు గోదారిని గంగ అనే అంటరు, ఆ దినమంతా "గంగ ఒడ్డుకు బాట ఎటు" అని అడిగితెనే చెప్పిన్రు, గోదావరి అంటె గోదావరిఖనికి ఆటో చూపెడుతున్రు.

ఒక పత్తి చేన్ల దారి తప్పితే ఆడ ఒక పెద్దాయన ఆపి అడిగిండు.

"ఎటు పోతున్నరు సారూ?"

"కాళేశ్వరం."

"నడుచుకుంటనా? మొక్కున్నదా?"

మొక్కు లేదన్నం. ఆయన మా మొకాలు చూసి, బూట్లు చూసి, భూమి కొల్వనీకి వచ్చిన్రనుకున్నడో ఏమో, "సర్వేనా మరి?" అన్నడు. షుగర్ అని చెప్పినం. "షుగరుంటే వేపాకు నమలాలె గని గంగ పొంట తిరిగితే పోతదా" అనుకుంట బాట చూపెట్టిండు. ఈ ప్రశ్న అయిదు వారాలు ఎంతమంది అడిగిన్రో లెక్క లేదు.

కాళేశ్వరం ప్రాజెక్టుల సుందిళ్ళ బ్యారేజీకి 74 గేట్లు, అన్నీ మీదికే ఉన్నయి. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ ఏడో బ్లాక్ల పిల్లర్లు కుంగినయి కదా, ఆ తర్వాత మూడు బ్యారేజీలల్ల నీళ్ళు ఆపుతలేరు. ప్రాజెక్టు లెక్క ప్రకారమైతే నీళ్ళు మేడిగడ్డ నుంచి అన్నారం, అన్నారం నుంచి సుందిళ్ళ, ఆడికెళ్ళి ఎల్లంపల్లి, ఒక్కో మెట్టు మీదికి ఎక్కాలె. మేమేమో మీదికెళ్ళి కిందికి నడుస్తున్నం, పాత గంగ ఎటు పారిందో అటు. దాని మీద రాజకీయం నాకొద్దు, మీకు తెల్వంది కాదు, గని నిజం చెప్పాలంటే ఆ గేట్లు లేస్తెనే మా నడక అయింది, లేకపోతే మేం నడిచిన ఇసుకంత నీళ్ళ కింద ఉండేది. మంథని దగ్గర ఒక రైతు గూడ ఇదే అన్నడు, ఆయనకు బ్యాక్ వాటర్ల రెండెకరాలు మునిగినయట, ఇప్పుడు మళ్ళ దున్నుకుంటుండు, సంతోషపడాలో బాధపడాలో ఆయనకే సమజైత లేదు. 2022 జులై వరద యాడిదాక వచ్చిందో మోటర్ షెడ్డు గోడ మీద మట్టి చార చూపెట్టిండు, చెయ్యెత్తినా నాకు అందలే.

మంథనిల గౌతమేశ్వరుని గుడి మెట్ల మీద కూసొని సర్వపిండి తిన్నం. మా చెల్లె కట్టి ఇచ్చింది, రెండో రోజుకు గూడ కరకర అంటది అది. సాయంత్రం ఆఖరి బస్సు పోయింది, ఒక లాడ్జిల పన్నం, దోమల ముచ్చట వదిలెయ్యిండ్రి.

మూడో వారం మానేరు దాటుడు. ఇదొక్కటి జన్మల మర్చిపోను. అరెంద దగ్గర మానేరు వచ్చి గంగల కలుస్తది, ఇటు మంథని, దాటితే మహదేవపూర్ దిక్కు. రోడ్డు మీద పోవాలంటే కాటారం చుట్టు తిరగాలె, మాకేమో ఒడ్డు ఇడవద్దని పంతం. నీళ్ళు మోకాలి దాక గూడ లేవు గని వెడల్పు మాత్రం నడిచినంక నడిచినంక తరుగుతలేదు, ఒక పాయ అయిపోయింది అనుకుంటే ఇసుక దిబ్బ, దిబ్బెక్కితే ఇంకో పాయ. నడుమలకు వచ్చినంక నా బూటు అట్ట ఊడింది. మొత్తం ఊడింది, పెదవి లెక్క వేలాడుతుంది. ఆడ ఒక బెస్తాయన వల దులుపుకుంటుండు, మమ్ముల చూసి నవ్విండు ముందుగాల, తర్వాత వల కట్టే సుతిలి తెచ్చి బూటు చుట్టు నాలుగు చుట్లు కట్టి ముడేసిండు. ఆ ముడి సాయంత్రం దాక ఊడలే, కొన్నప్పటి కుట్టుకన్న గట్టిది.

"అన్నా, మొసళ్ళేమన్న ఉన్నయా?" అని బామ్మర్ది అడిగిండు.

"గవి మీది దిక్కు, శివ్వారం మడుగులల్ల. ఈడ నీళ్ళేవి తమ్మీ, మొసలి గూడ మీ లెక్కనే నడవాలె."

దూప అయితుందంటే చేతితోనే ఇసుక తోడి చెలిమె చేసిండు. మొదలు మురికి నీళ్ళు వచ్చినయి, అవి పారబోసిండు, మళ్ళ ఊరినయి, మళ్ళ పారబోసిండు, మూడోసారికి తేటగ వచ్చినయి. మా బ్యాగుల బిస్లరీ సీసలు ఉన్నయి, బయటికి తియ్యబుద్ధి కాలే. దోసిట్ల తాగినం. ఏం కాలే, కడుపు మంచిగనే ఉన్నది.

అన్నారం నుంచి కన్నెపల్లి దిక్కు నడక బోరు. అటు నుంచి అన్నారానికి నీళ్ళు తెచ్చే పదమూడు కిలోమీటర్ల గ్రావిటీ కాలువ ఉన్నది, దాని కట్ట గీత గీసినట్టు ఉంటది, చెట్టు లేదు, నీడ లేదు. ఆ రోజు మేం మాట్లాడుకోలే గూడ. ఆ రోజు నాలుగోసారి ఒక అవ్వ మొక్కు ముచ్చట అడిగితే బామ్మర్ది "ఉన్నది, ముత్తెమంత మొక్కు" అన్నడు. అంతే, ఆ అవ్వ ఇంటెనక నీడకు పిలిచి మజ్జిగ పోసింది. ఆ తర్వాత ఎవరు అడిగినా మొక్కున్నదనే చెప్పినం.

కాళేశ్వరం చేరేవరకు శివరాత్రి అయిపోయి నాలుగు రోజులైంది, ఘాట్ మీద ఇంక పూలు, అగరొత్తుల పుల్లలు అట్లనే ఉన్నయి, మే నెలల సరస్వతి పుష్కరాలని పనులు నడుస్తున్నయి, సిమెంటు, కంకర. నాలుగు వారాలు ఇసుకనే చూసుకుంట వచ్చినం కదా, ఈడ ఒక్కసారిగ నీళ్ళు. అటు మహారాష్ట్ర దిక్కు నుంచి ప్రాణహిత వచ్చి కలుస్తది, వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగ నీళ్ళన్నీ అండ్లనే. ఎండకాలం గూడ గంగకు ఇంత పాణం ఉన్నదంటె దాని వల్లనే. గుడిల ఒకటే పానవట్టం మీద రెండు లింగాలు, ముక్తీశ్వరునికి రెండు రంధ్రాలు, అండ్ల పోసిన నీళ్ళు సంగమంల కలుస్తయంటరు. మేం గూడ ఒక్కో చెంబు పోసినం, మొక్కు ఏందని పంతులు అడగలే, బతికిపోయినం.

అమ్మ గంగనీళ్ళు తెమ్మన్నది, సీసల పట్టుకొచ్చిన. ఇంటికొచ్చి ఊకుండక, అమ్మా ఇవి ఇంక కిందికి పారి గంగారం కాడ దేవాదుల మోటర్లకు తగిలి, ధర్మసాగర్ చెరువుకొచ్చి మన నల్లాలకే వస్తయి, నేను మోసుకొచ్చేదేమున్నది అన్న. అమ్మ సీస గుంజుకొని దేవుని అర్రల పెట్టుకుంట, "నల్లా నీళ్ళు నల్లా నీళ్ళే రా. నువ్వు ముందు ఆ సుతిలి బూట్లు బయట పారెయ్యి" అన్నది.

పారెయ్యలే. మెట్ల కిందనే ఉన్నయి.