పశువుల కొట్టంలో పాటకచేరీ: ఫోర్ట్‌వర్త్‌లో ఒక శనివారం రాత్రి

డాలస్ చుట్టుపక్కల కౌబాయ్ పేరు చెప్పుకొని నడిచే బార్లకు కొదవ లేదు. గోడకు ఒక బండిచక్రం, మూలన రెండు గడ్డిమోపులు, గుమ్మం మీద గుర్రపు లాడం, వడ్డించే కుర్రాళ్లకు గళ్ల చొక్కాలు ఉంటే చాలు, అది కంట్రీ బార్ అయిపోతుంది. ఇర్వింగ్‌లో ఉంటున్న మా తమ్ముడు "అన్నయ్యా, శనివారం రాత్రి ఫోర్ట్‌వర్త్‌లోని బిల్లీ బాబ్స్‌కి వెళ్దాం" అన్నప్పుడు నాకు కలిగిన నిరుత్సాహానికి కారణం అదే. వాడు మాత్రం పట్టు వదలలేదు. "అక్కడ నిజం ఆబోతుల్ని తోలుకొస్తారు, బార్ లోపలికే" అన్నాడు. ఆ ఒక్క మాటకు బయలుదేరాను. కారు తనే నడుపుతాడు కనుక తను మందు ముట్టనని ముందే చెప్పాడు. టెక్సస్‌లో బార్‌కు వెళ్లే ఏ బృందమైనా ముందుగా తేల్చుకోవలసిన సంగతి అది.

ఫోర్ట్‌వర్త్ ఇప్పుడు దాదాపు పది లక్షల జనాభా ఉన్న మహానగరం. కానీ దాని ముద్దుపేరు 'కౌటౌన్'. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక దక్షిణ టెక్సస్ నుంచి కాన్సస్ రైల్వే స్టేషన్ల దాకా పశువుల మందలను నడిపించుకుపోయిన చిషోల్మ్ బాట ఈ ఊరి మీదుగానే సాగేది. 1876లో రైలు ఫోర్ట్‌వర్త్‌కే వచ్చింది. దానితో పశువులను అంత దూరం నడిపించే పని తప్పి, అవి ఇక్కడే ఆగి, ఇక్కడే అమ్ముడయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆర్మర్, స్విఫ్ట్ అనే రెండు పెద్ద మాంసం కంపెనీలు కర్మాగారాలు కట్టడంతో ఊరి ఉత్తర భాగమంతా దొడ్లతో నిండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, పశువులు, గొర్రెలు, పందులు అన్నీ కలిపి ఒక్క ఏడాదిలోనే ఈ దొడ్ల గుండా 50 లక్షలకు పైగా జీవాలు సాగిపోయాయి. ఆ తరువాత లారీలు వచ్చాయి, పశువులు పెరిగే చోటనే చిన్న సంతలు వెలిశాయి, రైలు పక్కన ఉండవలసిన అవసరం తీరిపోయింది. ఆర్మర్ 1962లో, స్విఫ్ట్ 1971లో మూతపడ్డాయి. మిగిలిన దొడ్లూ, ఇటుక పరిచిన ఎక్స్‌ఛేంజ్ అవెన్యూ వీధీ, 1908లో కట్టిన కొలిజియం భవనమూ కలిసి నేడు స్టాక్‌యార్డ్స్ అనే పర్యాటక ప్రదేశంగా బతుకుతున్నాయి.

మేము చేరేసరికి చీకటి పడింది. వీధి పొడుగునా బూట్ల దుకాణాలు, టోపీల దుకాణాలు, టీ చొక్కాల దుకాణాలు. ఈ చివరి వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. టోపీల దుకాణం ముందు మాత్రం కాసేపు నిలబడ్డాను. లోపల ఒక పెద్దాయన కొత్త టోపీ అంచును ఆవిరి మీద పట్టి, మెత్తబడిన ఉన్నిని రెండు బొటనవేళ్లతో కొద్దికొద్దిగా వంచుతూ, ఎదురుగా నిలబడిన కుర్రవాడి ముఖాన్ని ఒకసారి, అంచును ఒకసారి చూస్తున్నాడు. వేసవిలో గడ్డితో అల్లిన టోపీ, చలికాలంలో ఉన్ని టోపీ పెట్టుకోవడం ఇక్కడి మర్యాద. అక్టోబరు కావడంతో వీధిలో ఉన్ని టోపీలే కనబడ్డాయి. టోపీ తీసి బల్ల మీద పెట్టేటప్పుడు అంచు బల్లకు ఆనకుండా, బోర్లించి కాక వెల్లకిలా పెడతారు.

బిల్లీ బాబ్స్ టెక్సస్ బయటి నుంచి చూస్తే పెద్ద గిడ్డంగిలా ఉంటుంది. ఆ కట్టడం చరిత్ర తెలిస్తే అలా ఉండడంలో వింత లేదు. 1910లో దీన్ని మేలుజాతి పశువుల ప్రదర్శన కోసం గోడలు లేని కొట్టంగా కట్టారు. 1936లో టెక్సస్ రాష్ట్ర శతాబ్ది ఉత్సవాలప్పుడు చుట్టూ గోడలు లేచాయి. యుద్ధకాలంలో ఇందులో విమానాలు తయారయ్యాయి. ఆ తరువాత ఇది బట్టలూ సామాన్లూ అమ్మే పెద్ద దుకాణమయింది. పనివాళ్లు చక్రాల బూట్లు తొడుక్కొని తిరిగితే తప్ప సరుకు అందించలేనంత పెద్ద దుకాణమట. చివరికి 1981 ఏప్రిల్‌లో నాట్యశాలా, మద్యశాలా కలిసిన 'హాంకీటాంక్'గా తెరుచుకుంది. విస్తీర్ణం సుమారు మూడు ఎకరాలు. పశువుల కాలంలో నేలను కడిగినప్పుడు నీళ్లు జారిపోవడానికి ఇచ్చిన వాలు కొన్ని చోట్ల నేటికీ ఉంది. బార్ బల్ల దగ్గర నిలబడినప్పుడు మడమలకు అది తెలుస్తుంది. నేను చూసిన మిగతా కంట్రీ బార్లలో ముందు బార్ కట్టి తరువాత కొట్టం వేషం వేశారు. ఇక్కడ కొట్టమే ముందు ఉంది, పశువులు వెళ్లిపోయాక బార్ వచ్చి చేరింది. అలంకరణ ఇక్కడా తక్కువేమీ కాదు. అయినా దాని కింద ఒక నిజమైన నేల ఉంది.

గుమ్మం దగ్గర పాస్‌పోర్ట్ చూసి, ఇరవై ఒక్క ఏళ్లు దాటాయని నిర్ధారించుకొని చేతికి పట్టీ కట్టారు. తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలను కూడా లోపలికి రానిస్తారు. మనకు బార్ అనగానే మనసులో మెదిలే చీకటి, మగవాళ్ల గుంపు ఇక్కడ లేవు. మూడు తరాల వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని వేయించిన బంగాళాదుంపలు తింటున్నారు. ఒక గోడ నిండా ఇక్కడ పాడిన గాయకుల అరచేతి అచ్చులు సిమెంటులో ఉన్నాయి. 1983లో మెర్ల్ హాగర్డ్ అనే గాయకుడు ఆ రాత్రి లోపల ఉన్న అందరికీ ఒక గ్లాసు విస్కీ తన ఖర్చుతో పోయించాడు, లెక్క ఐదు వేల గ్లాసులు దాటింది. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆ బిల్లు గురించి ఇక్కడి వాళ్లు నిన్న జరిగినట్టుగా చెబుతారు.

మీట నొక్కితే ఎగిరే యంత్రపు ఎద్దు ఇక్కడ లేదు. ఫోటోలు దిగేవాళ్ల కోసం కదలని బొమ్మ ఎద్దు ఒకటి ఉంది, దాని ముందు పొడవాటి వరుస ఉంది. అసలు ఆబోతులు పక్క హాలులో ఉన్నాయి. చుట్టూ మెట్ల వరుసలు, మధ్యలో మట్టి పోసిన చిన్న గోదా, ఒక పక్కన ఇనుప గేట్లతో ఇరుకు బోన్లు. లోపలికి అడుగు పెట్టగానే బీరు వాసన పోయి పేడ వాసన వచ్చింది.

మేము బోన్లకు దగ్గరగా కూర్చున్నాం. అందుకు ప్రతిఫలంగా ఎద్దు పరుగు కంటే ఆసక్తికరమైన విషయం ఒకటి చూడగలిగాను. ఎక్కబోయే కుర్రవాడు పేనిన మోకును ఆబోతు ముందుకాళ్ల వెనుక నుంచి చుట్టి బిగించుకున్నాడు. తోలు తొడుగు వేసుకున్న చేత్తో ఆ మోకును పైకీ కిందికీ గట్టిగా రుద్దాడు. మోకుకు పూసిన రోజిన్ అనే చెట్టు జిగురు వేడెక్కి జిగటగా మారడానికి అలా చేస్తారు. తరువాత ఆ చేతిని పిడిలో దూర్చి, మోకు కొసను అరచేతి మీదుగా చుట్టి, రెండో చేతి పిడికిలితో తన వేళ్ల మీద తానే గుద్దుకొని మూసుకున్నాడు. మోకుకు ముడి వేయరు. పడిపోయినప్పుడు చెయ్యి విడిపోవాలి, విడిపోయిన మోకు ఎద్దు మీది నుంచి తనంతట తాను జారిపోవాలి. పొట్ట కింద వేలాడే బరువైన గంట ఆ పని చేస్తుంది. నేను అంతవరకు ఆ గంటను అలంకారమనుకున్నాను.

కుర్రవాడు తల ఊపగానే గేటు తెరిచారు. ఎనిమిది సెకన్లు పైన ఉండాలి, ఖాళీగా ఉన్న చెయ్యి ఎద్దుకు గానీ తనకు గానీ తగలకూడదు. మొత్తం వంద మార్కుల్లో సగం మనిషికి, సగం ఎద్దుకు. మెత్తగా ఎగిరే ఎద్దు మీద ఎంతసేపు కూర్చున్నా మంచి మార్కులు రావు. ఆ రాత్రి చాలామంది నాలుగు సెకన్ల లోపే మట్టిలో పడ్డారు. పడిన వాడి నుంచి ఆబోతు దృష్టి మళ్లించడానికి ఇద్దరు మనుషులు కొమ్ములకు అడ్డంగా దూకారు. నా దృష్టిలో చప్పట్లు ఎక్కువగా రావలసింది వాళ్లకే, కానీ జనం చప్పట్లు కొట్టింది పడ్డవాడు లేచి టోపీ దులుపుకున్నప్పుడు. రౌతులంతా ఛాతీకి గట్టి కవచం తొడుక్కున్నారు. 1989లో లేన్ ఫ్రాస్ట్ అనే పేరుమోసిన రౌతు వయోమింగ్ రాష్ట్రంలోని షాయెన్‌లో ఎద్దు కుమ్మి చనిపోయాడు. ఆ తరువాత అతని స్నేహితుడు కోడీ లాంబర్ట్ రూపొందించిన కవచం నుంచి ఈ అలవాటు మొదలయింది.

ఒక తెల్లని ఆబోతు గోదాలోకి వచ్చినప్పుడు నా కన్ను దాని మూపురం మీద పడింది. కింద గంగడోలు ఊగుతోంది. టెక్సస్ పేరు చెప్పగానే గుర్తొచ్చే లాంగ్‌హార్న్‌కు మూపురం ఉండదు, అది స్పెయిన్ వాళ్లు తెచ్చిన పశువుల సంతతి. ఈ గోదాలో ఎగిరే ఎద్దుల్లో చాలావాటికి అమెరికన్ బ్రాహ్మన్ జాతి రక్తం ఉంటుంది. ఆ జాతి భారతదేశపు మూపురపు పశువుల నుంచి పుట్టింది. పత్తి, చెరకు సాగు గురించి నేర్పినందుకు కృతజ్ఞతగా బ్రిటిష్ ప్రభుత్వం 1854లో లూసియానాలోని రిచర్డ్ బారో అనే తోటల యజమానికి రెండు భారతీయ ఆబోతులను కానుకగా ఇచ్చింది. ఎండకూ పిడుదులకూ అవి చూపిన ఓర్పు అక్కడి రైతులకు నచ్చింది. తరువాతి దశాబ్దాలలో, కొన్ని నేరుగానూ కొన్ని బ్రెజిల్ మీదుగానూ, గిర్, కాంక్రేజ్, ఒంగోలు, కృష్ణాలోయ జాతులు వచ్చి కలిశాయి. 1924 నాటికి ఆ పెంపకందారులకు సొంత సంఘమే ఏర్పడింది. ఈ సంగతి తమ్ముడికి చెబితే, "అయితే మన ఊరి కోడెదూడ మనవడేనన్నమాట, అందుకే ఎవడినీ ఎక్కనివ్వడం లేదు" అన్నాడు. వెనుక వరుసలో ఉన్నావిడ మా నవ్వు చూసి, తెల్ల ఎద్దు మీద మేము పందెం కాశామనుకుంది.

ఎద్దుల ఆట ఎంతోసేపు ఉండదు. ఆ తరువాత జనమంతా నాట్యం వైపు వెళ్లారు. నాట్యస్థలం నడినెత్తిన, గుండ్రటి అద్దాల బంతికి బదులు, అద్దపు పలకలు అతికించిన గుర్రపు జీను వేలాడుతోంది. కింద నునుపైన చెక్క నేల. తోలు అడుగున్న బూట్లు దాని మీద జారుతాయి, రబ్బరు అడుగున్న నా బూట్లు జారవు. టూ-స్టెప్ అనే ఈ నాట్యానికి ఆ జారుడే ప్రాణం. రెండు వేగమైన అడుగులు, రెండు నిదానమైన అడుగులు. మగవాడు ఎడమకాలితో ముందుకు, ఆడమనిషి కుడికాలితో వెనక్కి. జంటలన్నీ గడియారపు ముల్లుకు ఎదురు దిక్కున, గుడిలో ప్రదక్షిణకు అచ్చంగా వ్యతిరేకంగా తిరుగుతాయి. వేగంగా ఆడేవాళ్లు బయటి అంచున, నెమ్మదిగా ఆడేవాళ్లు లోపలి వైపున ఉండాలి. ఆగి మాట్లాడుకోవాలనుకునేవాళ్లు దిగిపోవాలి. ఈ నియమాలను ఎవరూ చదివి వినిపించలేదు, ఎవరూ తప్పలేదు. డెబ్బై దాటినట్టున్న ఒక జంట ఎవరి కళ్లూ ఎవరినీ చూసుకోకుండా, భుజాలు ఏమాత్రం కదలకుండా, నడుము కింది భాగం మాత్రమే పాటలో ఉన్నట్టుగా చుట్టు తరువాత చుట్టు తిరిగారు. ఆ గుంపులో నిజంగా పశువులను కాచేవాళ్లు పదిమంది కూడా ఉండరని తమ్ముడి అంచనా, తక్కినవాళ్లు బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, సాఫ్ట్‌వేర్‌లో పని చేసేవాళ్లేనట. నిజమే కావచ్చు. కానీ ఆ ముసలి జంట అడుగులు అద్దెకు తెచ్చుకున్నవి కావు. ఈ రాత్రి మొత్తంలో వేషం అనదగ్గ లక్షణం ఏమాత్రం లేనిది ఆ నాట్యమే.

వేదిక మీది వాద్యబృందంలో నన్ను కట్టిపడేసింది పెడల్ స్టీల్ గిటార్. కాళ్ల మీద నిలబెట్టిన బల్ల వంటి ఆ వాద్యం మీద తంత్రులు పది. ఎడమచేతిలోని ఇనుపకడ్డీ తంత్రుల మీద జారుతుంటే, పాదాలు పెడళ్లనూ మోకాళ్లు మీటలనూ నొక్కి స్వరాన్ని వంచుతాయి. ఈ జారుడు వాదనం హవాయి దీవుల నుంచి వచ్చింది. ఫిడేలు యూరప్‌ది. తాడు విసరడం, జీను కొమ్ము మెక్సికన్ పశువుల కాపరులవి. ఈ తీగల వాద్యాలకు జాజ్ లయను చేర్చి, వెస్టర్న్ స్వింగ్ అనే నాట్యసంగీతాన్ని 1930లలో రూపుదిద్దింది కూడా ఈ ఊరే. ఇక్కడి పిండి మిల్లు తన పిండి అమ్ముకోవడానికి రేడియోలో పాడించిన లైట్ క్రస్ట్ డోబాయ్స్ బృందంలో, ఆ సంగీతానికి ఆద్యులైన బాబ్ విల్స్, మిల్టన్ బ్రౌన్ ఇద్దరూ ఉన్నారు. అటువైపు బల్ల దగ్గర ఒకాయన తనది అచ్చమైన అమెరికన్ సంగీతమని మాకు గట్టిగా చెప్పాడు. కాదనడానికి మాకు మనసు రాలేదు, వెనుక మూపురాలు ఇంకా బోన్లలోనే ఉన్నాయి.

రెండు గంటలకు మద్యం అమ్మకం ఆగాలన్నది టెక్సస్ చట్టం. మేము అంతకు చాలా ముందే లేచాం. ఎద్దులను చూడాలనుకునేవాళ్లు శుక్రవారమో శనివారమో వెళ్లాలి, బోన్ల పక్కన చోటు దొరకాలంటే ఆట మొదలు కావడానికి అరగంట ముందే గోదా హాలులోకి చేరాలి. నాట్యం చేయాలనుకుంటే తోలు అడుగున్న బూట్లు తీసుకెళ్లండి, అవి లేనివాళ్లు లోపలి వైపునే ఉండండి.