ఓడలో ఫార్మల్ డిన్నర్: మన కంచం సంగతి మొదటి సాయంత్రమే తేల్చుకోండి

సముద్రం లేని జిల్లాల వాళ్లం. విహారయాత్రకు క్రూజ్ ఓడ ఎక్కాక మనవాళ్లు తప్పించుకు తిరిగే చోటు మెయిన్ డైనింగ్ రూం, అంటే కూర్చోబెట్టి వడ్డించే పెద్ద భోజనశాల. సూటు వేసుకోవాలి, ఫోర్కులు బోలెడు, మెనూ అర్థం కాదు అని పై డెక్కులోని బఫేకి పోతారు. ఈ భోజనం డబ్బు టికెట్‌లోనే కట్టేసి ఉంటాం. మెనూలో పక్కన ధర వేసిన వంటకాలకు, మద్యానికి, విడిగా ఉండే స్పెషాలిటీ రెస్టారెంట్లకే అదనం. సీసా నీళ్లకు కూడా బిల్లు పడుతుంది, గ్లాసు నీళ్లు అడగండి.

ఎక్కిన సాయంత్రమే హెడ్ వెయిటర్‌ను కలవాలి. ‘వెజిటేరియన్’ అంటే వాళ్ల లెక్కలో గుడ్డు ఉండొచ్చు. ‘వీగన్’ అంటే పాలు, పెరుగు కూడా ఉండవు. కాబట్టి ‘ఇండియన్ వెజిటేరియన్, గుడ్డు వద్దు’ అని విడమరచి చెప్పండి. చాలా పెద్ద ఓడల్లో ముందురోజు రాత్రి చెబితే పప్పు, కూర, రొట్టె చేసిపెడతారు. కూర్చున్నాక అడిగితే కుదరదు, ఆ వంటింటి నుంచి ఒక్కో పూటకు వందల ప్లేట్లు వరుసగా పోతుంటాయి. హలాల్, జైన్ భోజనాలైతే టికెట్ తీసుకునేటప్పుడే రాయించాలి.

పేరు చూసి మోసపోయేవి కొన్ని. కూరగాయల సూపును కోడి ఎముకలు ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. సీజర్ సలాడ్‌లో పోసే డ్రెస్సింగ్‌లో యాంకోవీ చేప ఉంటుంది. పన్నా కోటా అనే మీగడ తీపివంటకం గట్టిపడేది జెలటిన్ వల్ల, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. బేక్డ్ అలాస్కా అనే ఐస్‌క్రీం కేకు పైన తెల్లటి నురగంతా గుడ్డు తెల్లసొనే. వీల్ అంటే దూడ మాంసం, ప్రషూటో పంది తొడ. ప్రైమ్ రిబ్ అని మాత్రమే రాసి ఉన్నా అది బీఫే. పొట్టేలు మాంసం తెప్పించుకుంటే ‘వెల్ డన్’ (బాగా ఉడికించింది) అనండి, లేకపోతే లోపల ఎర్రగా వస్తుంది. అమెరికా ఓడల మెనూలో ‘ఆంట్రే’ అంటే అసలు భోజనం. ఫ్రాన్సు పద్ధతిలో అదే మాటకు మొదటి వంటకమని అర్థం.

ఫోర్కులు ఎడమన, కత్తులు, సూపు చెంచా కుడిన ఉంటాయి. బయటి నుంచి లోపలికి వాడుకుంటూ రావాలి. రొట్టె ప్లేటు ఎడమవైపుది మీది, నీళ్ల గ్లాసు కుడివైపుది. గుండ్రటి బల్ల దగ్గర ఇది తప్పితే పక్కవాళ్ల రొట్టె తినేస్తాం. కబుర్లలో పడి కత్తి, ఫోర్కు పక్కపక్కన పెట్టేస్తే అయిపోయిందనుకుని ప్లేటు తీసుకుపోతారు. ఇంకా తినాలంటే విడివిడిగా, ఏటవాలుగా ఆనించండి. బల్ల మీద అందరూ ముగిస్తే గాని తర్వాతి వంటకం రాదు, అందుకే భోజనానికి గంటన్నర పైనే పడుతుంది. పిల్లలుంటే తొలి బంతి, అంటే 6 గంటల ప్రాంతానిది, ఎంచుకోండి. టైం ఓడ గడియారం ప్రకారమే చూడాలి. ఒడ్డు దగ్గరుంటే ఫోను ఆ దేశపు టైంకు మారిపోతుంది.

వారం ప్రయాణానికి మామూలుగా 2 ఫార్మల్ నైట్లు (అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే రాత్రులు), 3, 4 రోజులదానికి 1. సూటే వేయాలని లేదు. ధర్మవరం పట్టుచీర అక్కడి గౌన్లకు ఏమాత్రం తీసిపోదు, షేర్వాణీ అయినా నిక్షేపంగా సరిపోతుంది. నిక్కరు, హవాయి చెప్పులు మాత్రం కుదరవు. నిప్పు భయం వల్ల గదిలోకి ఇస్త్రీపెట్టె తేనివ్వరు. పట్టుచీర మడతలు పోవాలంటే 2 రోజుల ముందే లాండ్రీకి ఇవ్వండి, ఫార్మల్ నైట్ రోజున అందరివీ వచ్చిపడతాయి.

ఇక కారం. వాళ్లు ‘స్పైసీ’ అన్నది మన ఎర్రకారం దోసె ముందు చప్పిడే. టబాస్కో అనే మిరప సాసు పోస్తే కారం కన్నా పులుపే ఎక్కువ తెలుస్తుంది. పచ్చిమిరపకాయలు తరిగి తెమ్మంటే తెస్తారు. ఇంట్లో పట్టిన ఊరగాయను చాలా కంపెనీలు లోపలికి రానివ్వవు. కొట్లో కొన్న, సీలు తీయని పొడి ప్యాకెట్టుకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. అన్నం చిన్న గిన్నెడే పెడతారు, మళ్లీ అడగడానికి మొహమాటపడొద్దు. పెరుగు కావాలంటే ‘ప్లెయిన్ యోగర్ట్’ అని గట్టిగా చెప్పండి. ‘యోగర్ట్’ అని మాత్రమే అంటే స్ట్రాబెర్రీ తీపిది తెచ్చిపెట్టొచ్చు, అది అన్నంలో కలుపుకోలేం.