ముదరడానికి వ్యవధి లేని ఊసరవెల్లి

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన పెద్దలు అంటారు. చిన్నప్పుడు నేను ఆ మాటను అక్షరాలా నమ్మాను. మా పెరటి కంచె మీద తల ఆడిస్తూ కూర్చునే తొండ ఏదో ఒకనాడు ఆకుపచ్చగా మారిపోతుందని, ఆ మార్పును నేనే ముందుగా చూస్తానని ఎదురుచూసిన వేసవి సెలవులు నాకిప్పటికీ గుర్తున్నాయి. రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన జీవులని తరువాత చదివి తెలుసుకున్నాను. అయితే ఆ సామెత కట్టినవారి చూపును తక్కువ చేయలేము. జతకట్టే కాలంలో మగ తొండకు తలా మెడా ఎర్రబడటం వారు గమనించే ఉంటారు. వారి మాటలో నన్ను ఇప్పుడు ఆపేది రంగు సంగతి కాదు, ‘ముదరడం’ అన్న పదం. ఎందుకంటే ముదరడానికి వ్యవధే లేని ఊసరవెల్లి ఒకటి ఈ భూమి మీద ఉంది.

నైరుతి మడగాస్కర్‌లోని పొడి అడవుల్లో నివసించే ఈ జాతిని లబోర్డ్ ఊసరవెల్లి అంటారు. అక్కడ నవంబరు ప్రాంతంలో వానలు మొదలవగానే నేలలో ఉన్న గుడ్లు ఇంచుమించు ఒకేసారి పగులుతాయి. బయటికి వచ్చిన పిల్లలు రెండు నెలలు నిండకముందే ఈడుకు వచ్చి, జతకట్టి, గుడ్లను మట్టిలో పాతిపెట్టి, ఆ వానాకాలం ముగిసేలోగా సాధారణంగా అన్నీ చనిపోతాయి. గుడ్డు వెలుపల వాటి ఆయుష్షు మొత్తం నాలుగైదు నెలలు మాత్రమే. గుడ్డులో గడిపే కాలం మాత్రం ఎనిమిది, తొమ్మిది నెలలు. అంటే ఏడాదిలో ఎక్కువ భాగం ఆ అడవిలో ఈ జాతి కొమ్మల మీద ఎక్కడా కనిపించదు, నేల కింద గుడ్ల రూపంలోనే ఉంటుంది. క్రిస్టొఫర్ కార్‌స్టెన్, ఆయన సహచరులు ఈ సంగతిని 2008లో ప్రకటించినప్పుడు, నాలుగు కాళ్ళ వెన్నెముక జీవులలో ఇంత చిన్న జీవితం మరి దేనికీ నమోదు కాలేదని రాశారు. వార్షిక పంటల గురించి తెలిసిన మన రైతుకు దీనిని వివరించడం తేలిక. విత్తనం రూపంలో ఎండాకాలాన్ని దాటే మొక్క చేసే పనినే ఈ బల్లి జాతి గుడ్డు రూపంలో చేస్తున్నది.

ఊసరవెల్లి రంగుల గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. అది పరిసరాలలో కలిసిపోవడానికే రంగు మారుస్తుందని మనం అనుకుంటాము. నిజానికి ప్రత్యర్థిని బెదిరించేటప్పుడూ ఆడదానిని ఆకర్షించేటప్పుడూ కనిపించే మార్పులే కొట్టొచ్చినట్లు ఉంటాయి. జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో దాని చర్మకణాలలో గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికాలు వరుసలు తీరి ఉంటాయని, ఆ వరుసల మధ్య దూరాన్ని పెంచడం ద్వారా ఊసరవెల్లి తన మీది నుంచి తిరిగివచ్చే కాంతి రంగును మారుస్తుందని చూపించారు. ప్రశాంతంగా ఉన్నప్పుడు స్ఫటికాలు దగ్గర దగ్గరగా ఉండి నీలపు కాంతిని తిప్పికొడతాయి. దానికి చర్మంలోని పసుపు వర్ణకం తోడై ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఉద్రేకం కలిగినప్పుడు అవి దూరం జరిగి పసుపు, నారింజ, ఎరుపు కాంతులను పంపుతాయి.

లబోర్డ్ ఊసరవెల్లి కాలాన్ని కుదించుకుంటే, ఉత్తర అమెరికాలోని వుడ్ ఫ్రాగ్ అనే చిన్న కప్ప కాలాన్ని ఆపివేస్తుంది. ఇది అమెరికా తూర్పు అడవుల నుంచి అలాస్కా వరకు, ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన కూడా నివసిస్తుంది. మంచు పడే కాలంలో ఇతర కప్పలు చెరువు అడుగుకో లోతైన నేలలోకో వెళితే, ఇది అడవిలో రాలిన ఆకుల కింద ఊరకే కూర్చుంటుంది. మంచు చర్మాన్ని తాకగానే గడ్డకట్టడం మొదలవుతుంది. గుండె కొట్టుకోవడం ఆగిపోతుంది, ఊపిరి ఉండదు, రక్తం కదలదు, శరీరంలోని నీటిలో మూడింట రెండు వంతుల దాకా మంచుగా మారుతుంది. చేతిలోకి తీసుకుంటే రాయిలా ఉండే ఆ కప్ప వసంతంలో కరిగి, మొదట గుండె, తరువాత ఊపిరి, ఆపైన కాళ్ళు అన్న వరుసలో మళ్ళీ బతుకుతుంది. అలాస్కాలో ఆరుబయటే పరిశీలించిన కప్పలు దాదాపు ఏడు నెలలు గడ్డకట్టి ఉండి, మైనస్ 18 డిగ్రీల చలిని కూడా తట్టుకుని బతికాయని 2014లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు.

నేను ఈ సంగతిని మొదటిసారి చదివినప్పుడు ఎక్కువగా ఆలోచించింది దాని వెనుక ఉన్న ఉపాయం గురించి. మంచు ప్రమాదం అది ఏర్పడే చోటును బట్టి ఉంటుంది. కణం లోపల మంచు ఏర్పడితే దాని అంచులు కణాన్ని చీల్చేస్తాయి, కణాల వెలుపల ఏర్పడితే చాలావరకు తట్టుకోవచ్చు. చర్మానికి మంచు తగిలిన కొద్ది నిమిషాలలోనే ఈ కప్ప కాలేయం తాను దాచుకున్న గ్లైకోజన్‌ను గ్లూకోజుగా మార్చి రక్తంలోకి వదలడం మొదలుపెడుతుంది. గుండె ఆగేలోగా ఆ చక్కెర ముఖ్యమైన అవయవాలన్నింటికీ చేరుతుంది. పాకం పట్టిన నీరు మామూలు నీటిలా తేలికగా గడ్డకట్టదు కనుక కణాల లోపలి ద్రవం ద్రవంగానే మిగులుతుంది. శరద్రుతువులో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు కొన్ని గడిచేకొద్దీ చక్కెర మరింత పేరుకుని, కప్ప అసలైన చలికాలానికి సిద్ధమవుతుంది. అంత చక్కెర మన రక్తంలోకి చేరితే మనం బతకము.

రక్తంలో చక్కెర అనగానే మన ఇళ్ళన్నింటికీ తెలిసిన జబ్బు గుర్తుకు వస్తుంది. దానికి వాడే ఒక మందు నిజంగానే ఒక బల్లి నుంచి వచ్చింది. అమెరికా నైరుతి ఎడారులలోను, మెక్సికోలోను ఉండే హీలా మాన్‌స్టర్ విషం గల బల్లి. నలుపు, నారింజ పూసలు అల్లినట్లుండే చర్మంతో, కొవ్వు దాచుకునే లావుపాటి తోకతో ఉంటుంది. బతుకులో ఎక్కువ కాలం నేల కిందే ఉండి, ఏడాదిలో కొద్ది సార్లు మాత్రమే కడుపు నిండా తింటుంది. న్యూయార్క్‌లో జాన్ ఎంగ్ అనే వైద్యుడు 1992లో దీని విషంలో ఎక్సెండిన్-4 అనే పదార్థాన్ని గుర్తించారు. భోజనం తరువాత ఇన్సులిన్‌ను విడుదల చేయించే జి.ఎల్.పి.-1 అనే హార్మోను మన పేగులలోనే తయారవుతుంది, కాని అది రక్తంలో రెండు నిమిషాలలోనే విరిగిపోతుంది. బల్లి పదార్థం అదే పని చేస్తూ గంటల తరబడి నిలుస్తుంది. దానిని ప్రయోగశాలలో తయారుచేసి ఎక్సెనటైడ్ అనే ఇంజెక్షన్‌గా 2005లో అమెరికాలో అనుమతించారు. బరువు తగ్గడానికి కూడా వాడుతూ ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న మందుల వర్గంలో మొదట వచ్చినది ఇదే.

కరువు వచ్చినప్పుడు పొట్ట మాడ్చుకోవడం ఎవరైనా చేసేదే, ఎముకలను కూడా కుదించుకోవడం గలాపగోస్ దీవులలోని సముద్రపు ఇగ్వానాలకు తెలుసు. ఎల్ నీన్యో వచ్చి సముద్రపు నాచు కొరవడిన ఏళ్ళలో వాటి పొడవు అయిదో వంతు దాకా తగ్గి, మంచి రోజులు రాగానే మళ్ళీ పెరుగుతుందని 2000లో వెల్లడైంది.

మన దేశంలోనే, పశ్చిమ కనుమలలో, ఏడాదికి కొద్ది రోజులు మాత్రమే నేల మీదికి వచ్చే ఊదారంగు కప్ప ఉంది. ఉబ్బిన శరీరం, చిన్న కళ్ళు, పందిమూతిలా ముందుకు వచ్చిన ముట్టె కలిగిన ఈ కప్ప మట్టిలోనే తిరుగుతూ చెదపురుగులను తిని బతుకుతుంది. తొలకరి వానలకు మగ కప్పలు భూమి లోపలి నుంచే పిలుస్తాయి. ఆ కొద్ది రోజులలో పైకి వచ్చి, జతకట్టి, వాగుల ఒడ్డున గుడ్లు పెట్టి తిరిగి లోపలికి వెళ్ళిపోతాయి. తోకకప్పలు మాత్రం నోటితో రాళ్ళను పట్టుకుని, ఉరికే వాగునీటిలో నెలల పాటు వేలాడుతూ పెరుగుతాయి. ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసయ్ట్ కలిసి 2003లో దీనిని కొత్త జాతిగా ప్రపంచానికి పరిచయం చేశారు. దీని దగ్గరి చుట్టాలు ఎక్కడో హిందూ మహాసముద్రంలోని సెషెల్స్ దీవులలో ఉన్నాయి. భారత భూభాగమూ ఆ దీవులూ ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి ఈ కప్ప ఒక సజీవ సాక్ష్యం. ఏడాదికొకసారి పాతాళం నుంచి వచ్చి వెళుతుంది కనుక దీనికి మహాబలి కప్ప అనే పేరు కూడా ఉంది. ఓణం నాడు తన ప్రజలను చూడడానికి వచ్చే బలి చక్రవర్తి పేరు దీనికి ఎంత తగినదో! కప్పల పేర్లలో నాకింతగా నచ్చినది మరొకటి లేదు.

అన్నింటికంటె వింతైన కప్ప గురించి మాత్రం గతకాలంలోనే రాయవలసి వస్తున్నది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కొండవాగులలో ఉండిన ఆ కప్ప తల్లి తన గుడ్లను మింగి, కడుపులోనే పొదిగి, పూర్తిగా ఎదిగిన పిల్లలను నోటి ద్వారా కనేది. ఆరు వారాలకు పైగా అది ఏమీ తినేది కాదు. కడుపు ఎంతగా ఉబ్బేదంటే ఊపిరితిత్తులు అణిగిపోయి, చర్మం ద్వారానే శ్వాసించవలసి వచ్చేది. తిన్నదానిని కరిగించవలసిన కడుపు పిల్లలను ఎందుకు కరిగించలేదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. గుడ్ల చుట్టూ ఉండే జిగురులోను, తోకకప్పలు వదిలే స్రావంలోను ప్రోస్టాగ్లాండిన్ ఇ-2 అనే పదార్థం ఉండి, తల్లి కడుపులో ఆమ్లం ఊరకుండా ఆపేది. అంటే తల్లి కడుపును బిడ్డలే ఊయలగా మార్చుకునేవి. కడుపులో పుండ్లతో బాధపడేవారికి దీని నుంచి మేలైన మందు దొరుకుతుందేమోనని పరిశోధకులు ఆశపడ్డారు. ఆ ఆశ తీరకముందే కప్ప కనబడటం మానేసింది. శాస్త్రానికి 1970లలో పరిచయమైన ఈ జాతిని అడవిలో చివరిసారి చూసినది 1981లో, ప్రయోగశాలలో మిగిలిన ఆఖరి కప్ప మరణించినది 1983లో. మరుసటి ఏడు జనవరిలో అదే రాష్ట్రంలోని ఉంగెల్లా అడవులలో ఇలాగే పిల్లలను కనే రెండో జాతి దొరికింది. 1985 తరువాత అదీ కనిపించలేదు. ప్రపంచమంతటా కప్పలను చంపుతున్న కైట్రిడ్ శిలీంధ్రం దీనికి కారణం కావచ్చని తరువాత అనుమానించారు, కాని ఆ శిలీంధ్రాన్ని గుర్తించేసరికే ఈ కప్పలు లేవు. 2013లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మైక్ ఆర్చర్ బృందం, శీతలపేటికలో దాచిన కణజాలం నుంచి కేంద్రకాలను తీసి, మరో కప్ప గుడ్లలో ప్రవేశపెట్టి, తొలిదశ పిండాలను తయారు చేయగలిగింది. అవేవీ కొద్ది రోజులకు మించి బతకలేదు. పిలవడానికి కొత్త తరం లేని వాగు పక్కన నిలబడితే ఎలా ఉంటుందోనని ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

ఇక మన కొండల సంగతి. శేషాచలం అడవులలోని బండరాళ్ళ పగుళ్ళలో, తూర్పు కనుమలలో ఇతర చోట్ల కూడా, బంగారు బల్లి నివసిస్తుంది. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ 1870లో దీనిని వర్ణించిన తరువాత ఒక శతాబ్దానికి పైగా దీని జాడ తెలియలేదు. 1986లో తిరుమల కొండలలో మళ్ళీ కనుగొన్నట్లు ప్రకటించారు. జతకట్టే కాలంలో మగ బల్లి నిజంగానే పసిడి రంగు తిరుగుతుంది. దీని దగ్గరి చుట్టం శ్రీలంకలో ఉంది. నేను దానిని చూసింది ఒక్కసారే, తిరుమలలో, మా పెద్దమ్మతో కలిసి కాలినడకన కొండెక్కిన రోజు. చీకటి పడుతున్నది. బండ చీలికలోంచి పెద్దగా ఒక పలుకు వినిపిస్తే, ‘‘బల్లి పలికింది, మంచిదేరా’’ అని పెద్దమ్మ నేలను మూడుసార్లు తట్టింది. టార్చి వేస్తే, ఎండిన ఆకు రంగులో ఉన్న బల్లి ఒకటి విసనకర్రలాంటి వేళ్ళను చాచి రాతికి అతుక్కుని ఉంది. దాని వెనుక నీడలో, ఆ చీలిక గోడంతా తెల్లటి గుడ్లు. ఈ బల్లులు ఒకే చోట అనేకం కలిసి గుడ్లు పెడతాయని, ఏటా అదే చోటికి తిరిగి వస్తాయని నాకు అప్పటికి తెలియదు. కొన్ని గుడ్లు నిండుగా ఉన్నాయి, వాటి మధ్యనే ఎప్పుడో పిల్లలు వెళ్ళిపోయిన పాత పెంకులు రాతికి అంటుకుని అలాగే ఉన్నాయి.